పని పేరు, బీమా రేటు: మన కారం యూనిట్ లెక్క

(2023-24 వార్షిక మహాసభలో కారం యూనిట్ కమిటీ తరఫున చేసిన ప్రసంగం)



యూనిట్ తరఫున మాట్లాడమన్నప్పుడు మామూలుగా అయితే ఎన్ని టిక్కీలు కొన్నాం, ఎంత కారం పట్టాం, ఎంత అమ్మాం అని చెప్పాలి. ఆ అంకెలన్నీ నివేదికలో వేరే పేజీలో వేయించాం, తీరిగ్గా చూసుకోండి. ఈరోజు మేము ఒక్క విషయమే మాట్లాడతాం. అది పనివాళ్ల బీమా. పోయిన నెల ఈసీ మీటింగ్‌లో ఈ ఖర్చు మీద చాలాసేపు గొడవైంది. ఆమోదం మహాసభలో తీసుకుందాం అని అక్కడ ఆపేశాం. అందుకని మీ ముందుకు వచ్చాం.

ఆ మీటింగ్‌లో ఒక అక్క అడిగింది, "బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలు పట్టుకునే బీమా మనందరికీ ఒకటే కదా. కూలికి వెళ్లే దానికీ 20, టీచరమ్మకీ 20. మరి ఈ యూనిట్ బీమాలో మిషన్ దగ్గర నిలబడే మనిషికి ఒక రేటు, లెక్కలు రాసే అమ్మాయికి ఒక రేటు ఏంటి? మనలో మనకే తరగతులు పెడుతున్నారా?" అని. న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు చెప్పకుండా చేతులెత్తమంటే బాగుండదు.

ముందు ఆ 20 రూపాయల సంగతి. అది ప్రధానమంత్రి సురక్ష బీమా. 2015లో మొదలైనప్పుడు 12 రూపాయలు, 2022 జూన్ నుంచి 20 అయింది. 18 నుంచి 70 ఏళ్ల వరకు ఎవరైనా చేరొచ్చు. ప్రమాదంలో మనిషి పోతే 2 లక్షలు. రెండు కళ్లో, రెండు చేతులో, రెండు కాళ్లో పోయినా 2 లక్షలే. ఒక కన్నో, ఒక చెయ్యో, ఒక కాలో పూర్తిగా పోతే లక్ష. ఏం పని చేస్తావని అందులో అడగరు. దేశం మొత్తం మీద కోట్లమంది కడతారు కాబట్టి అందరికీ ఒకటే రేటు పెట్టినా నడుస్తుంది. మంచి పథకం, ఎవరూ ఆపుకోవద్దు. కానీ ఒకటి గమనించండి. చెయ్యి పోతే ఇస్తారు గానీ వేలు పోతే ఏమీ రాదు. మిల్లుల్లో ఎక్కువగా పోయేది వేళ్లే. పైగా అది మన సొంత బీమా, మనం కట్టుకున్నది. పని చేయించుకున్న యజమాని బాధ్యత అందులో ఏమీ లేదు.

యజమాని బాధ్యత గురించి వేరే చట్టం ఉంది. 2025 నవంబర్ దాకా అది 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం. పనిలో ఉండగా, ఆ పని వల్ల ప్రమాదం జరిగి దెబ్బ తగిలితే యజమాని పరిహారం కట్టాలి. తప్పు ఎవరిది అని ముందు తేల్చక్కర్లేదు. ఎంత కట్టాలో చట్టంలోనే లెక్క ఉంది. మనిషి పోతే నెల జీతంలో సగాన్ని, పూర్తిగా పని చేయలేని స్థితి వస్తే నెల జీతంలో 60 శాతాన్ని, వయసుని బట్టి ఇచ్చిన ఒక అంకెతో గుణిస్తారు. 25 ఏళ్ల మనిషికి ఆ అంకె 216.91, 35 ఏళ్లకి 197.06, 50 ఏళ్లకి 153.09. ఆ 1923 చట్టం కింద ఈ లెక్కలోకి తీసుకునే జీతం నెలకు 15,000 దాటకూడదని 2020 జనవరిలో పరిమితి పెట్టారు. కొంత భాగమే పోతే, ఏ అవయవానికి ఎంత శాతమో పట్టిక ఉంది. బొటనవేలికి 30 శాతం. ఒక చెయ్యి మణికట్టు దాకా పోతే 60 శాతం. వైద్యానికైన ఖర్చు వేరే, అదీ యజమానిదే.

ఇప్పుడు అసలు మాట. మన కారం యూనిట్‌కి యజమాని ఎవరు? మనమే. అక్కడ తొమ్మిది మంది మస్టర్‌లో సంతకం పెట్టి నెల జీతం తీసుకుంటున్నారు. జీతం ఇచ్చేది సమాఖ్య. అంటే అక్కడ ఎవరికైనా ఏదైనా జరిగితే ఆ పరిహారం కట్టాల్సింది సమాఖ్యే. ప్రైవేటు మిల్లు అయితే మనం బయట నిలబడి యజమానిని నిలదీస్తాం. ఇక్కడ రెండు వైపులా మనమే ఉన్నాం. ఆ డబ్బు ఎక్కడి నుంచి తెస్తాం? పొదుపు మీద వచ్చిన వడ్డీ నుంచా, స్త్రీనిధి కిస్తీ ఆపుకునా? అందుకే ఈ బీమా. యజమాని మీద పడే ఆ బాధ్యతను బీమా కంపెనీ తన మీద వేసుకుంటుంది, దానికి ప్రీమియం తీసుకుంటుంది.

కంపెనీ ఆ ప్రీమియం ఎట్లా కడుతుందంటే, మనుషుల్ని లెక్కపెట్టి కాదు. రెండు విషయాలు చూస్తుంది. ఏ పనికి ఏడాదికి మొత్తం ఎంత జీతం ఇస్తున్నారు? ఆ పనిలో ప్రమాదం ఎంత? పరిహారం జీతాన్ని బట్టి కదా వచ్చేది, అందుకే ప్రీమియం కూడా జీతం మీదే. ప్రమాదం ఎంత అనేది, అట్లాంటి పనుల్లో ఇంతకు ముందు ఎంతమందికి దెబ్బలు తగిలాయి, ఎంత కట్టాల్సి వచ్చింది అనే అనుభవం మీద కంపెనీలు తరగతులుగా పెట్టుకుంటాయి. వెయ్యి రూపాయల జీతానికి ఈ పనికి ఇంత, ఆ పనికి ఇంత అని. తరగతి పనికి గానీ మనిషికి కాదు. ఆ అక్క అడిగిన దానికి మా జవాబు ఇదే. ఈరోజు లెక్కలు రాసే అమ్మాయి రేపటి నుంచి మిషన్ దగ్గరకి వెళ్తే ఆమె రేటూ మారుతుంది.

అంకెలతో చెబితే ఇంకా బాగా తెలుస్తుంది. జీతాలు మనవే. రేట్లు మాత్రం లెక్క అర్థం కావడానికి మేము వేసుకున్నవి, ఏ కంపెనీ రేట్లూ కావు, రేపు ఇవే వస్తాయని పట్టుకోకండి. తొడిమలు తీసి ప్యాకింగ్ చేసేవాళ్లు ఐదుగురు, తలా 8,000 జీతం, ఏడాదికి 4,80,000. మిషన్ దగ్గర ఇద్దరు, తలా 10,000, ఏడాదికి 2,40,000. టిక్కీలు దించి ఆటో నడిపే అబ్బాయి ఒకడు, 12,000, ఏడాదికి 1,44,000. లెక్కలు రాసే అమ్మాయి 9,000, ఏడాదికి 1,08,000. మొత్తం 9,72,000.

వెయ్యికి ప్యాకింగ్‌కి 6 రూపాయలు, మిషన్‌కి 20, దించుడు పనికి 15, లెక్కలకి 2 అనుకుందాం. ప్యాకింగ్‌కి 2,880, మిషన్‌కి 4,800, దించుడుకి 2,160, లెక్కలకి 216. కలిపితే 10,056 రూపాయలు. ప్యాకింగ్ వాళ్లు ఐదుగురు ఉన్నా మిషన్ దగ్గరి ఇద్దరికి అయ్యేదే ఎక్కువ, చూశారా.

ఈ లెక్క పట్టుకుని వచ్చిన ఏజెంటు ఏమన్నాడంటే, "ఎందుకమ్మా అంత, తొమ్మిది మందినీ ప్యాకింగ్ అని రాసేద్దాం. ఎవరు చూస్తారు?" అన్నాడు. అట్లా రాస్తే 9,72,000 మీద వెయ్యికి 6 చొప్పున 5,832. అంటే 4,224 రూపాయలు మిగులు. ఈసీలో గొడవైంది దీని మీదే. సగం మంది "మిగులుతుంటే ఎందుకు వదులుకోవాలి, అందరూ అట్లాగే రాయిస్తారంట" అన్నారు. మిగలడం అంటే మనకు ఇష్టమే. రూపాయి రూపాయి కూడబెట్టి ఇంతదాకా వచ్చినవాళ్లం. అయినా కమిటీ ఒప్పుకోలేదు. ఎందుకో చెప్పాలంటే మన సమాఖ్యలోని ఒక చెల్లెలి సంగతి చెప్పాలి. పేరు, ఊరు చెప్పొద్దంది, చెప్పం. సంగతి చెప్పడానికి ఒప్పుకుంది.

ఆ చెల్లెలు మన యూనిట్‌లో కాదు, ఊరి బయట ఒక ప్రైవేటు మిల్లులో చేసేది. నెలకు 9,000. వయసు 35. పొద్దున ప్యాకింగ్, మధ్యాహ్నం మనిషి రాకపోతే మిషన్. అట్లా మిషన్ దగ్గర ఉన్నరోజే బెల్టుకి గోతం పీచు చుట్టుకుంటే తీయబోయింది. కుడిచేతి బొటనవేలు పోయింది. మొదట ఆసుపత్రి ఖర్చు యజమాని పెట్టాడు, కాదనం. తర్వాత పరిహారం మాట ఎత్తితే, "బీమా ఉంది, వాళ్లిస్తారు" అన్నాడు. బీమా వాళ్లు కాగితం తీసి చూస్తే అందులో అందరూ ప్యాకింగ్ వాళ్లే! మిషన్ పని అనే మాటే లేదు. మేము ఒప్పుకున్న ప్రమాదం ఇది కాదు అన్నారు. అప్పుడు యజమాని ఇంకో మాట తిప్పాడు. "ఆమె ప్యాకింగ్ మనిషి, కాగితంలో అదే ఉంది. మిషన్ దగ్గరకి ఎవరు వెళ్లమన్నారు?" అన్నాడు. ప్రీమియం తగ్గించుకోవడానికి తను రాయించిన అబద్ధాన్నే తెచ్చి ఆమె మెడకు చుట్టాడు.

మేము నలుగురం ఆమెను వెంటబెట్టుకుని కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్లాం. అక్కడ తెలిసిన విషయాలు మీరందరూ గుర్తుపెట్టుకోవాలి. మొదటిది, పాలసీలో ఏం రాసినా రాయకపోయినా, చట్ట ప్రకారం ఆమెకు రావాల్సిన పరిహారం తగ్గదు. ఆమె హక్కు యజమాని మీద. బీమా కంపెనీ కట్టకపోతే యజమాని జేబులోంచి కట్టాలి. ఆమె లెక్క ఇట్లా వస్తుంది. 9,000లో 60 శాతం 5,400. దాన్ని 197.06తో గుణిస్తే 10,64,124. అందులో 30 శాతం 3,19,237 రూపాయలు. నెలలోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆలస్యం చేస్తే ఆ సొమ్ములో సగం దాకా జరిమానా కూడా వేయొచ్చు. ఆ 1923 చట్టం ప్రకారం ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు దరఖాస్తు పెట్టుకోవాల్సి ఉండేది.

రెండోది, జీతం. యజమాని రాయించిన దాంట్లో ఆమె జీతం 6,000 అని ఉంది. జీతం తక్కువ చూపినా ప్రీమియం తగ్గుతుంది కదా. 6,000 లెక్కన అయితే 2,12,824 వస్తుంది. లక్షా ఆరు వేలు తేడా! ఆమె జీతం బ్యాంకులో పడేది కాదు, చేతికిచ్చేవాళ్లు. 9,000 అని చూపించడానికి ఆమె దగ్గర ఉన్నది మన గ్రూపు పుస్తకం ఒక్కటే. నెల నెలా ఆమె కట్టిన పొదుపు, అప్పు తీసుకున్నప్పుడు రాయించిన ఆదాయం. పక్కన పనిచేసే ఇద్దరు వచ్చి సాక్ష్యం చెబుతామన్నారు. వాళ్లకి ఆ మిల్లులో పని ఉంటుందో ఊడుతుందో తెలియకుండానే ఒప్పుకున్నారు. అది చిన్న విషయం కాదు.

మూడోది. యజమాని మనిషి ఆమె ఇంటికి వచ్చి 60,000 చేతిలో పెడతాం, కాగితం మీద సంతకం పెట్టమన్నాడు. తీసుకోనా వద్దా అని ఆమె మమ్మల్ని అడిగింది. ఇంట్లో అవసరం అట్లా ఉంది, తప్పు పట్టలేం. మేము ఆఫీసులో కనుక్కుంటే, ఆడవాళ్లకు ఇచ్చే ఏకమొత్తం పరిహారం కమిషనర్ దగ్గర జమ చేయాల్సిందేనంట, నేరుగా చేతికిస్తే అది పరిహారం కట్టినట్టు కాదంట. చట్టంలోనే ఉంది. ఆడవాళ్లనీ, సొంతంగా లావాదేవీ చేయలేని వాళ్లనీ ఒకే వాక్యంలో కలిపి రాశారు. వినగానే మాకు కొంచెం మండింది. బ్యాంకు లింకేజీ లక్షల్లో నడుపుతున్న వాళ్లం, మమ్మల్ని అట్లా రాస్తారా అని. కానీ ఆరోజు ఆ చెల్లెలికి అదే అడ్డుగోడ అయింది. పరిహారం వదులుకుంటానని సంతకం పెట్టించుకున్నా అది చెల్లదు. ఆమె 60,000 తీసుకోలేదు. దరఖాస్తు పెట్టింది, రెండు వాయిదాలు అయ్యాయి, మూడోదానికీ మేము వెళ్తాం. రేషన్ మిషన్ మీద ఇప్పుడు ఎడమచేతి వేలు పెడుతోంది.

ఇప్పుడు మళ్లీ మన 4,224 రూపాయల దగ్గరకి రండి. తొమ్మిది మందికి పంచితే మనిషికి నెలకు 39 రూపాయలు. ఆ 39 కోసం మిషన్ దగ్గరి ఇద్దరినీ ప్యాకింగ్ అని రాయిస్తే, రేపు ఏదైనా జరిగినరోజు కంపెనీ వెనక్కి తగ్గుతుంది, 3 లక్షలో 5 లక్షలో సమాఖ్య కట్టాలి. కట్టలేకపోతే ఆ ప్రైవేటు యజమాని అన్న మాటే మన నోటి నుంచీ వస్తుంది. మన సభ్యురాలి ముందు నిలబడి "నువ్వు ప్యాకింగ్ మనిషివి కదా" అని ఎవరు అంటారు? అధ్యక్షురాలా, మేమా?

దీనికి ఇంకో వైపు కూడా ఉంది. అది కూడా డబ్బు సంగతే కాబట్టి వినండి. పనులు విడివిడిగా రాసుకోకుండా "కారం మిల్లు, తొమ్మిది మంది" అని ఒక్క ముక్కలో ఇస్తే, కంపెనీ అందరినీ ఎక్కువ ప్రమాదం ఉన్న తరగతిలో వేసే వీలుంది. వెయ్యికి 20 చొప్పున అందరికీ వేస్తే 19,440 అవుతుంది. సరిగ్గా విడదీస్తే 10,056. అంటే నిజం రాయడం వల్ల మిగిలేదే 9,384. ఏజెంటు చెప్పిన అబద్ధంలో మిగిలే దానికి రెండింతల కన్నా ఎక్కువ! దీనికి కావాల్సింది ఒక్క మస్టర్ పుస్తకం. ఎవరు ఏ పని చేశారు, ఆ పనికి ఎంత జీతం అని నెల నెలా రాసి ఉండాలి. రెండు పనులూ చేసే మనిషి ఉంటే ఎక్కువ ప్రమాదం ఉన్న పని పేరుతోనే రాయిస్తాం. మన దగ్గర అట్లాంటివాళ్లు లేకుండా చూస్తున్నాం. మిషన్ మనిషి రాకపోతే ఆరోజు మిషన్ ఆపుతున్నాం గానీ ప్యాకింగ్ వాళ్లని పంపడం లేదు. దీనివల్ల సీజన్‌లో నాలుగు రోజులు ఆర్డర్లు ఆలస్యమయ్యాయి, షాపులవాళ్లు తిట్టారు. పడ్డాం.

ఏడాది మొదట్లో మనం చెప్పే జీతం అంచనా మాత్రమే. ఏడాది చివర అసలు ఎంత ఇచ్చామో చెప్పాలి, తేడా ఉంటే కట్టాలి లేదా వెనక్కి తీసుకోవాలి. మిర్చి సీజన్‌లో రోజులు పెరుగుతాయి, వానాకాలం తగ్గుతాయి. కాబట్టి ఏడాది చివర మస్టర్ తీసి కూడడం మరిచిపోతే మన డబ్బే పోతుంది.

ఈ తరగతుల మీద మాకు కోపం లేదని కాదు. తొడిమలు తీసే ఐదుగురినీ చూడండి. తక్కువ ప్రమాదం తరగతి. కానీ రాత్రి ఇంటికెళ్లి పిల్లాడి మొహం కడగాలంటే భయం, చేతుల మంట పిల్లాడి కళ్లకి తగులుతుందని. నూనె రాసుకున్నా, మజ్జిగలో ముంచినా తగ్గదు. దగ్గు, తుమ్ములు సరేసరి. ఈ బాధ ఏ తరగతిలోనూ కనిపించదు. మూడు రోజులు దాటి పని చేయలేని స్థితి వస్తేనే చట్టం పరిహారం మాట ఎత్తుతుంది. వాళ్లు మూడు రోజులు కాదు, మూడు గంటలు కూడా ఆగరు. కష్టం ఎక్కువున్న పని అంటే ప్రమాదం ఎక్కువున్న పని అని కంపెనీ లెక్క కాదు. పెద్ద మొత్తం కట్టాల్సి వచ్చే పని ఏదో దానికే ఎక్కువ రేటు. బీమా దాన్ని తీర్చదు, గ్లౌజులు, మాస్కులు మనమే కొనాలి. ఈ ఏడాది బడ్జెట్‌లో పెట్టాం, కోత పెట్టకండి.

మరి రేటు తగ్గించుకునే దారి లేదా? ఉంది, కానీ అది పేరు మార్చడం కాదు, పనిని మార్చడం. బెల్టుకి, పుల్లీకి ఇనుప జాలీ బిగించాం. మిర్చి పోసే దొప్ప నోరు చిన్నది చేయించి, చేతితో కాకుండా చెక్కతో తోసేట్టు పెట్టాం. మోటారు స్విచ్చి మిషన్ మనిషి చేతికి అందేట్టు మార్పించాం. చున్నీ, కొంగు బిగించి ఏప్రాన్ వేసుకోందే మిషన్ దగ్గరకి వెళ్లకూడదు. జాలీ గాలి ఆడనివ్వడం లేదని ఎండాకాలం విప్పేశారు ఒకసారి. దాని గురించి గట్టిగా చెప్పాలి. రక్షణ కోసం పెట్టిందని తెలిసి కావాలని తీసేసి దెబ్బ తగిలించుకుంటే, చావో పూర్తి అంగవైకల్యమో అయితే తప్ప, పరిహారం కాదనే వీలు చట్టంలో యజమానికి ఉంది. తాగి ఉన్నా అంతే. బీమా రెన్యువల్ అప్పుడు కంపెనీ పాత క్లెయిములు చూస్తుంది. మూడు నాలుగేళ్లు ఏమీ జరగకపోతే మనం బేరమాడొచ్చు.

మన సభ్యురాలి మేనల్లుడు ఒకతను అమెరికాలో హోటల్ నడుపుతాడు. ఫోన్‌లో అడిగితే అక్కడా ఇదే పద్ధతి అన్నాడు, ఇంకా ఎక్కువ. అక్కడ చాలా రాష్ట్రాల్లో ప్రతి పనికీ ఒక నంబరు ఉంటుందంట. కంప్యూటర్ ముందు కూర్చునే ఆఫీసు పనికి 8810. వంద డాలర్ల జీతానికి ఇంత అని రేటు. ఆఫీసు పనికి బాగా తక్కువ, ఇళ్ల కప్పులు వేసే పనికి బాగా ఎక్కువ. దాని మీద ఆ యజమాని దగ్గర గత ఏళ్లలో జరిగిన ప్రమాదాల్ని బట్టి హెచ్చించో తగ్గించో వేస్తారు. ప్రమాదాలు తక్కువైతే ప్రీమియం తగ్గుతుంది. అందుకే కిచెన్‌లో నేల తడి లేకుండా చూడ్డానికి ఒక మనిషినే పెట్టుకున్నానన్నాడు.

ఈఎస్ఐ గురించి కూడా అడిగారు. ఈఎస్ఐలో పనిని బట్టి రేటు లేదు. 2019 జూలై నుంచి జీతం మీద యజమాని 3.25 శాతం, పనిమనిషి 0.75 శాతం, ఎవరికైనా ఇంతే. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకి వర్తిస్తుంది. ప్రమాదం ఒక్కటే కాదు, జబ్బుకి వైద్యం, కాన్పు సెలవు జీతం, అన్నీ ఉంటాయి. మన 9,72,000 మీద సమాఖ్య వాటా 31,590, పనివాళ్ల వాటా 7,290 అవుతుంది. ఖర్చు ఎక్కువే, వచ్చేదీ ఎక్కువే. ఈఎస్ఐ అమలున్న చోట పదిమంది చేరితే అది తప్పనిసరి, ఒకసారి వర్తించాక మళ్లీ మనుషులు తగ్గినా పోదు. వచ్చే సీజన్‌లో ఇంకో ఇద్దరిని తీసుకుందాం అని మొన్న తీర్మానం పెట్టారు. తీసుకోండి, మంచిదే. కానీ తొమ్మిది పదకొండు అయ్యేముందు ఈ లెక్క వేసుకుని తీసుకోండి. పదో మనిషికి భయపడి సగం మందిని మస్టర్‌లో రాయకుండా ఉంచడం మాత్రం మేము చేయం.

ఇక యూనిట్‌లో కాకుండా బయట పనికి వెళ్లే మీ సంగతి. మీలో ఎక్కువమంది అట్లాంటివాళ్లే. కోల్డ్ స్టోరేజీల్లో, మిల్లుల్లో, నూర్పిడి మిషన్ల దగ్గర, మేస్త్రి కింద బిల్డింగ్ పనుల్లో. ట్రాక్టరుతోనో కరెంటుతోనో నడిచే మిషన్ మీద చేసే వ్యవసాయ పని కూడా ఈ చట్టం కిందకి వస్తుంది. మేస్త్రి తీసుకెళ్లినా అసలు పని ఎవరిదో వాళ్ల మీద కూడా బాధ్యత ఉంటుంది. బిల్డింగ్ పనివాళ్లు సంక్షేమ బోర్డు కార్డు వేరే తీసుకోవాలి, దాని గురించి సీసీ గారు మధ్యాహ్నం చెబుతారు. మీరు పనిచేసే చోట ఒక ప్రశ్న అడగండి. "బీమా ఉందా? ఉంటే అందులో నా పని ఏమని రాశారు, జీతం ఎంతని రాశారు?" యజమాని విసుక్కుంటే, మా సమాఖ్యలో అడగమన్నారు అని మా మీద వేయండి. జవాబు చెప్పకపోయినా ఫర్వాలేదు. మీ పని, మీ జీతం, తేదీ వేసి మన గ్రూపు పుస్తకం వెనక పేజీలో రాయించుకోండి. వీఓఏ చెల్లెళ్లు ఒక్కో గ్రూపులో ఒక్కో పేజీ దీనికి కేటాయించాలి. ఆ మిల్లు చెల్లెలికి అక్కరకొచ్చింది ఆ పుస్తకమే.

సొంతంగా చేసుకునేవాళ్లు, టిఫిన్ బండివాళ్లు, టైలరింగ్ వాళ్లు, లాభం పంచుకునే గ్రూపులు, మీకు యజమాని లేడు కాబట్టి ఈ బీమా కుదరదు. మీరు వ్యక్తిగత ప్రమాద బీమా చూసుకోవాలి. అందులోనూ పనిని బట్టి మూడు వర్గాలుంటాయి. ఆఫీసు పని మొదటిది, మిషన్లు నడపడం, డ్రైవింగ్, ఒళ్లు వంచి చేసే పనులు రెండోది, భూమి లోపలి గనులు, హైటెన్షన్ కరెంటు లాంటివి మూడోది. ఫారం నింపేటప్పుడు ఏజెంటు "గృహిణి" అని రాసేస్తాడు, అలవాటుగా. మీరు బండి దగ్గర పొయ్యి ముందు నిలబడేవాళ్లయితే అదే రాయించండి.

తీర్మానం చదువుతాం. కారం యూనిట్‌లోని తొమ్మిది మందికి, వారు చేసే అసలు పనుల పేర్లతో, అసలు జీతాలతో పాలసీ తీసుకోవడానికి, ఖర్చు యూనిట్ ఆదాయం నుంచి పెట్టడానికి మహాసభ ఆమోదం కోరుతున్నాం. కనీసం మూడు కంపెనీల నుంచి కొటేషన్ తెస్తాం. వైద్య ఖర్చు పాలసీలో కలిసి ఉందా, వేరే కట్టాలా అనేది కూడా రాతపూర్వకంగా అడుగుతాం. జరిమానా పడితే అది కంపెనీ కట్టదు, కాబట్టి ఏ చిన్న దెబ్బైనా అదేరోజు రిజిస్టర్‌లో రాసి కంపెనీకి, మాకు తెలపాలి. ఆ రిజిస్టర్ ఇదిగో, అట్ట వేయించి తెచ్చాం, ఇంకా ఖాళీగానే ఉంది. ఒప్పుకునేవాళ్లు చేతులెత్తండి, లెక్క పెడతాం. ఒప్పుకోనివాళ్లు మైకు దగ్గరకి వచ్చి చెప్పండి, భోజనాలకి ఇంకా అరగంట టైముంది.